రొట్టె ఎవరిదో, చెయ్యి పద్మది

ఆబిడ్స్ జీపీవో వెనక సందులో పద్మ ఇరవై రెండేళ్లుగా జొన్నరొట్టెలు చేసి అమ్ముతోంది. హోటల్ అంటే పెద్ద మాటే అవుతుంది. ఇరుకు గది, ముందు నాలుగు బల్లలు, లోపల రెండు పొయ్యిలు, వాటి మీద రెండు పెనాలు. బోర్డు మీద ‘పద్మ జొన్నరొట్టెలు’ అని తప్ప ఇంకో అక్షరం లేదు. ఒక పెనం దగ్గర పద్మ నిలబడుతుంది, రెండో దాని దగ్గర ఉజ్వల అనే ఆవిడ. ఉజ్వల పదేళ్లుగా ఆమె దగ్గరే పనిచేస్తోంది.

పద్మ పుట్టి పెరిగింది అఫ్జల్‌గంజ్‌లో. పెళ్లయి ఆబిడ్స్‌కు వచ్చింది. భర్త విజయేందర్ ఇక్కడే ఒక పుస్తకాల దుకాణంలో గుమాస్తా. ఒక్క జీతంతో ఇల్లు గడవక, ఇంటి అరుగు మీదే ఒక పొయ్యి పెట్టి మొదలుపెట్టింది. జొన్నపిండి అందరికీ లొంగేది కాదు. నీళ్లు సరిగ్గా మరగకపోతే విరుగుతుంది, కలిపి ఆలస్యం చేస్తే పగులుతుంది. పద్మ చేతిలో మాత్రం అది తిరుగుతూ తిరుగుతూ చంద్రుడంత గుండ్రంగా పరుచుకునేది. బట్టల కొట్లలో పనిచేసేవాళ్లు, నాంపల్లి కోర్టు గుమాస్తాలు, బషీర్‌బాగ్ ఆఫీసుల నుంచి నడిచొచ్చే అమ్మాయిలు ఆమె గిరాకీ. వాళ్ల పేర్లు కొన్ని మరిచిపోయేదేమో గాని, ఎవరు ఏం తింటారో మరిచిపోయేది కాదు. ఎవరికి ఎల్లిగడ్డ కారం పడదో, ఎవరికి రొట్టె అంచులు మాడితేనే ఇష్టమో ఆమెకు తెలుసు.

అందరిలోకీ పాతవాడు మల్లేశ్వరరావు. నాంపల్లి కోర్టులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. పంతొమ్మిది వందల యాభై ఆరులో కృష్ణా జిల్లా నుంచి తండ్రి ఉద్యోగంతో పాటు వచ్చి స్థిరపడిన కుటుంబం. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉంటాడు. షుగరూ, బీపీ రెండూ ఉన్నాయి. గోధుమలు తగ్గించమనీ, ఉప్పు మానమనీ డాక్టరు చెప్పాడని ఆయన ఒక్కసారి అన్నాడు, అంతే. ఆనాటి నుంచి పప్పులో ఉప్పు వేసేముందు ఒక గిన్నెడు పక్కకు తీసి ఉంచడం పద్మకు అలవాటయింది. ఆయన రాని రోజున ఆ గిన్నె తనే తినేది.

లాక్‌డౌన్ వచ్చినప్పుడు సందు సందంతా చచ్చిపోయినట్టయింది. విజయేందర్ పనిచేసే పుస్తకాల దుకాణం మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. అప్పుడు ఫోన్‌లో తిండి ఆర్డర్లు తీసుకునే కంపెనీలో పేరు రాయించింది ఆయనే. ఫారాలు ఆయనే నింపాడు, సంతకం మాత్రం పద్మ చేసింది. ఇంగ్లీషులో ఇరవై పేజీలు. ఎవరు చదువుతారు?

కొన్ని నెలలకు కంపెనీవాళ్లు కెమెరా మనిషిని పంపారు. ఆమె మొహం తీస్తానన్నాడు. “మొహం ఎందుకు బాబూ, రొట్టె తియ్యి సాలు” అంది పద్మ. అతను రొట్టెను తడుతున్న ఆమె చెయ్యిని తీశాడు. ఆకుపచ్చ గాజులు, మణికట్టు మీద పెనం అంచు కాల్చిన పొడుగాటి మచ్చ, వేళ్ల కింద తెల్లగా పరుచుకుంటున్న పిండి. ఫోటో బాగా వచ్చింది. విజయేందర్ దాన్ని చుట్టాలందరికీ పంపాడు.

కంపెనీ మేలు చేయలేదంటే అబద్ధమే. గల్లా పక్కన ఆర్డర్ల కోసం పెట్టిన చిన్న తెర టింగు టింగుమంటూ ఉండేది. ఆబిడ్స్ మొహం చూడనివాళ్లు కూడా పద్మ రొట్టెలు తిన్నారు. రెండో పెనం చల్లారకుండా, ఉజ్వల పని పోకుండా ఆ రోజులు గడిచాయంటే ఆ తెర వల్లే. ఈ మాట పద్మే చెబుతుంది. కాని ఒక్కొక్కటే గుచ్చుకోవడం మొదలైంది. ఆమెను అడగకుండానే ఆమె రొట్టె మీద సగం ధర తగ్గింపు అని పెట్టేవాళ్లు. తినేవాళ్ల పేరు ఉండదు, ఫోన్ నంబరు ఉండదు, ఒక అంకె ఉంటుంది. రొట్టె గట్టిపడిందని ఎవరో రాస్తే, ఎవరో కనుక్కుని ఇంకోటి పంపుదామన్నా దారి లేదు.

“తినేటోళ్లు ఎవరో తెల్వకుండ వండుడేంది?” అనేది భర్తతో.

“తిన్నరు గద. ఎవరైతేంది?” అనేవాడు విజయేందర్.

నిరుడు ఎండాకాలంలో ఒక మంగళవారం, మధ్యాహ్నం రద్దీ తగ్గాక, మల్లేశ్వరరావు చేతిలో ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. మోకాళ్ల నొప్పులని అప్పటికి రెండు నెలలుగా ఆయన దుకాణానికి రావడం లేదు. మనవరాలు యాప్ పెట్టిచ్చిందనీ, అందులోనే తెప్పించుకుంటున్నాననీ ఫోన్‌లో చెప్పాడు. ఆ అంకెల్లో ఏదో ఒకటి సారుదే అయి ఉంటుందని పద్మ అనుకుంటూ వచ్చింది. ఏ అంకె ఆయనదో తెలియక, మధ్యాహ్నం పప్పంతా ఉప్పు తక్కువే వేసేది.

ఆయన కూర్చోలేదు. పెట్టె బల్ల మీద పెట్టాడు.

“పద్మగారూ, మీ మీద ఫిర్యాదుకి రాలేదమ్మా. మీకు ఒంట్లో బాగా లేదేమో, వంట ఎవరికైనా అప్పజెప్పారేమో అని చూసి పోదామని వచ్చాను. రెండు నెలలుగా ఇదీ వరస. షుగరు ఎక్కడికో పోయింది. డాక్టరు నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నాడు.”

పద్మ పెట్టె తెరిచింది. రొట్టె తుంచి, వేళ్ల మధ్య నలిపింది. సాగింది. జొన్నపిండి సాగదు.

“సార్, గిది నా రొట్టె కాదు.”

“మీ పేరే ఉందిగదమ్మా.”

పెట్టె మీద ‘పద్మక్క జొన్నరొట్టె స్పెషల్’ అని ఉంది. సగానికి పైగా గోధుమపిండి. పప్పు నాలిక మీద పెట్టుకుంది, ఉప్పు కషాయం. రెండు నెలలపాటు ఈ మనిషి దీన్ని తిన్నాడు, పద్మ చేసిందన్న నమ్మకంతో తిన్నాడు. మారిపోయిందని తెలిసీ, ఆమె బాధపడుతుందని ఊరుకున్నాడు.

“మీ ఫోన్ ఇయ్యుండ్రి సార్, జర చూద్దాం” అంది.

గల్లా దగ్గరున్న విజయేందర్ వచ్చి ఆ ఫోన్‌లో ‘పద్మ జొన్నరొట్టెలు’ అని కొట్టాడు. మొట్టమొదట వచ్చింది ఆ ‘పద్మక్క’. పద్మ దుకాణం ఎక్కడో కింద, ఆరోదో ఏడోదో. పద్మ పేరు చూడలేదు. బొమ్మ చూసింది. ఆకుపచ్చ గాజులు. మణికట్టు మీద మచ్చ. కింద పరుచుకుంటున్న పిండి.

ఆమె తన చెయ్యిని ఫోన్ పక్కన పెట్టింది. మల్లేశ్వరరావు కళ్లజోడు సర్దుకుని ఆ చెయ్యినీ, ఈ చెయ్యినీ చూశాడు. ఉజ్వల పొయ్యి ఆర్పి వచ్చి నిలబడింది.

ఆ సాయంత్రం విజయేందర్ కంపెనీకి ఫిర్యాదు రాశాడు. ఫోన్ చేయడానికి నంబరు లేదు, తెర మీదే రాయాలి. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని క్షణంలో జవాబు వచ్చింది. మనిషి రాసింది కాదని చూస్తేనే తెలుస్తోంది. రెండు రోజులకు ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని ఇంకోటి వచ్చింది. బొమ్మ అలాగే ఉంది. మళ్లీ రాశారు. మళ్లీ చింతించారు. మళ్లీ పరిష్కారమైంది.

“ఎవనికి పరిష్కారమైంది?” అంది పద్మ. మరునాడు మధ్యాహ్నం దుకాణం ఉజ్వలకు అప్పజెప్పి, పెట్టె మీద ఉన్న చిరునామా పట్టుకుని భర్త స్కూటర్ మీద చాదర్‌ఘాట్‌కు బయలుదేరింది.

దారంతా ఆమె తిట్లు పేర్చుకుంటూ వచ్చింది. తీరా చూస్తే అది హోటల్ కాదు, ఒక పాత గోదాము. బల్లల్లేవు, కూర్చునేవాళ్లు లేరు. ఒకే వంటగది నుంచి ఏడు పేర్లతో తిండి పోతోంది. బిర్యానీ ఒక పేరు, దోసెలు ఒక పేరు, పద్మక్క ఒక పేరు. నడిపేవాడు సాయిచైతన్య అని ముప్పై ఏళ్ల మనిషి, ఆ ఉక్కలో చెమట కక్కుతూ పొట్లాలు కడుతున్నాడు. పద్మ ఏమీ అనకుండా చెయ్యి చూపించింది. అతను గోడకు వేలాడుతున్న తెర మీది బొమ్మ వైపు చూశాడు, మళ్లీ ఆమె చెయ్యి వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

“అక్కా, మీరు ఉన్నరనే నాకు తెల్వదు. ఒట్టు. కంపెనీ మీటింగ్‌ల చెప్పిన్రు. గీ ఏరియాల జనం పద్మ అని, జొన్నరొట్టె అని మస్తు ఎతుకుతున్నరు, గా పేరు మీద ఒకటి పెట్టుకో అన్నరు. ఫోటో గూడ వాళ్లే పెట్టిన్రు.”

“మరి గోధుమపిండి ఎందుకు కలిపినవ్?”

“ఉత్త జొన్న అయితే పొయ్యేసరికి గట్టిపడ్తది. వాపస్ చేస్తరు. నాకొచ్చే పైసలు కట్ అయితయ్.”

అతను కుర్చీ తెచ్చి వేశాడు, నీళ్లిచ్చాడు. పేర్చుకొచ్చిన తిట్లలో ఒక్కటీ అతని మీద పనికిరాలేదు. అప్పు చేసి గోదాము పెట్టుకున్నవాడు, చెప్పిన పేరు పెట్టుకున్నాడు. కాని అతని మాటతో అసలు సంగతి తెలిసింది. తన రొట్టె కోసం ఎంతమంది వెతుకుతున్నారో తనకు చెప్పని కంపెనీ, ఆ లెక్క తీసుకెళ్లి ఇంకొకరికి చెప్పింది. ఇరవై ఏళ్లకు పైగా కాల్చుకున్న చేతులతో తెచ్చుకున్న పేరు అది.

కంపెనీ ఆఫీసు ఊరికి ఆ చివర, ఆరో అంతస్తులో. పదకొండింటికి వెళ్తే రెండింటికి లోపలికి పిలిచారు. వచ్చినవాడి పేరు శశికిరణ్. తమ ప్రాంతం చూసుకునే మేనేజరట. మర్యాద గల పిల్లాడే, కాఫీ తెప్పించాడు.

“మేడమ్, అగ్రిమెంట్‌లో ఉంది. మేం తీయించిన ఫోటోలు కంపెనీవి. ఎక్కడైనా వాడుకోవచ్చు.”

“తీసింది మీరే. చెయ్యి ఎవరిది బిడ్డా?”

“చెయ్యి మీదే అనుకోండి. చూడ్డానికి అంత బాగుంది కాబట్టే వాడారు. ఒకరకంగా అది మీకు గౌరవం కదా మేడమ్.”

పద్మ కాఫీ కప్పు కింద పెట్టింది.

“గౌరవమైతే అడిగి తీస్కుంటరు. అడగకుండ తీస్కుంటే దానికి వేరే పేరున్నది, మీ ఆఫీసుల కూసోని అననీకి నాకు మనసొప్పుత లేదు. సరే, ఒక పని చెయ్యి. గీ మూడేండ్లల్ల నా దగ్గర తిన్నోళ్లు ఎవరెవరో నాకు చెప్పు. మోసపొయ్యిన్రని నేనే వాళ్లకు చెప్పుకుంట.”

“అది కుదరదు మేడమ్. కస్టమర్ల ప్రైవసీ మాకు ముఖ్యం.”

“నా చెయ్యికి లేదా ప్రైవసీ?”

శశికిరణ్ పైవాళ్లకు రాస్తానన్నాడు. అంతకుమించి అతని చేతుల్లో ఏమీ లేదని పద్మకు అర్థమైంది. ఆ మేడలో కోప్పడదామంటే మనిషి దొరకడు. దొరికినవాడికి అధికారం ఉండదు, అధికారం ఉన్నవాడికి మొహం ఉండదు.

ఆదివారం నాడు పద్మ చెల్లెలి కూతురు సంహిత వచ్చింది. బషీర్‌బాగ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. విషయం విని, మన సొంత వెబ్‌సైట్ పెట్టుకుందాం పెద్దమ్మా అంది. రెండు రోజుల్లో చేసిస్తానంది. పద్మ వెంటనే ఒప్పుకుంది. విజయేందర్ ఒప్పుకోలేదు.

“కోపంతోని దుకాణం నడుస్తదా పద్మా? సగం కంటే ఎక్కువ ఆర్డర్లు గాడికెళ్లే వస్తున్నయ్. మన వెబ్‌సైట్ ఉన్నదని ఎవనికి తెలుస్తది? ఎవడు తీస్కపోయి ఇస్తడు? వాన పడితే ఎవడు పోతడు?”

“పెదనాన్న చెప్పింది అబద్ధం కాదు పెద్దమ్మా” అంది సంహిత. “సొంతదైతే తినేవాళ్లు ఎవరో మనకు తెలుస్తది, ధర మనం చెప్పిందే. కానీ కొత్తోళ్లు వాళ్లంతట వాళ్లు రారు. రెండూ ఉంచు. కొత్తోళ్లు యాప్‌ల చూసి వస్తరు, మెల్లగ మన దిక్కు తిప్పుకుందాం.”

“దొంగ చేతికి తాళంచెవులిచ్చి, ఎనకంగ ఇంకో తలుపు పెట్టుకునుడా?”

“ఒక్క నెల చూద్దాం” అన్నాడు విజయేందర్. లాక్‌డౌన్‌లో అన్నం పెట్టినదాన్ని ఒక్క రోజులో తెంచుకోవడం ఆయనకు చేతకాలేదు. అది పద్మకూ తెలుసు. సరే అంది.

వెబ్‌సైట్ వచ్చింది. అందులో ‘ఉప్పు వద్దు’, ‘కారం వద్దు’ అని రాసుకునే చోటు పెద్దగా పెట్టమని పద్మ పట్టుబట్టింది. ప్రతి పొట్లంలోనూ ఒక చీటీ పెట్టారు: ‘ఈ రొట్టెలు కావాలంటే నేరుగా మాకే చెప్పండి’, కింద వెబ్‌సైట్ చిరునామా, ఫోన్ నంబరు. వారం తిరక్కుండానే తెర మీద హెచ్చరిక వచ్చింది. చీటీలు పెట్టడం నిబంధనలకు విరుద్ధమట. సొంత వెబ్‌సైట్‌లో యాప్ కంటే తక్కువ ధర ఉండకూడదట.

పద్మ చీటీలు ఆపలేదు.

ఆ తర్వాతి సోమవారం పన్నెండున్నరకు తెర మోగలేదు. ఒంటిగంటకూ మోగలేదు. రెండు పెనాలూ కాగుతున్నాయి, పప్పు పొగలు కక్కుతోంది, షట్టరు నిలువునా తెరిచి ఉంది. బట్టల కొట్టు అమ్మాయి ఒకతె తన ఫోన్ పట్టుకుని వచ్చింది. “అక్కా, మా దోస్తు ఆర్డర్ పెడదామంటే బంద్ చూపిస్తుందట, మంచిగనే ఉన్నవా?” అని అడిగింది. ఆ ఫోన్‌లో పద్మ దుకాణం మీద బూడిద రంగు పరుచుకుని ఉంది. ‘ప్రస్తుతం మూసి ఉంది’ అని రాసుంది. మూడు రోజులు, సరిగ్గా మధ్యాహ్న భోజనం వేళకే, అలాగే ఉంది. అడిగితే సాంకేతిక లోపం అని జవాబు.

మూడో రోజున విజయేందర్ తనే వెళ్లి గల్లా పక్కనున్న కంపెనీ తెర తీగ పీకాడు.

“నేను పొయ్యి ముందల నిలవడి ఉన్న. నన్ను మూసేసిన్రు” అంది పద్మ.

“తెలుసు. సామాన్ల కోసం తీసిన స్కూటర్ ఉన్నది గద. నేనే పోత” అన్నాడాయన. అరవై దాటిన మనిషి.

మల్లేశ్వరరావు కాళ్ల నొప్పులు మరిచి, తనకు తెలిసిన వకీలు దగ్గరికి పద్మను తీసుకెళ్లాడు. ఫోటో, పేరు రెండింటి మీదా నోటీసు పంపించారు. పద్దెనిమిది రోజులకు బొమ్మ మారింది. ‘పద్మక్క’ పోయి ఇంకేదో పేరు వచ్చింది. వకీలుకు వచ్చిన ఉత్తరం మల్లేశ్వరరావు రెండుసార్లు చదివి వినిపించాడు.

“సద్భావనతో తొలగించినం అంటే ఏంది సార్?”

“తప్పు మాది కాదు, అయినా తీసేశాం అని.”

“తప్పైందని యాడన్న రాసిన్రా?”

“లేదమ్మా.”

పద్మ ఆ ఉత్తరం దాచుకోలేదు. వకీలు దగ్గరే వదిలేసి వచ్చింది.

గెలిచిందని చెప్పడానికి వీల్లేదు. మొదటి నెల ఆర్డర్లు మూడో వంతుకు పడిపోయాయి. రెండో పెనం మధ్యాహ్నాల్లో ఆపేయాల్సి వచ్చింది. ఉజ్వల పొద్దున ఇక్కడా, సాయంత్రం ఒక హాస్టల్ వంటగదిలోనూ చేస్తోంది. ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే పద్మను నిద్రపోనివ్వలేదు. వెబ్‌సైట్ రెండుసార్లు ఆగిపోతే సంహిత ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది. ఒక వానరోజు విజయేందర్ పొట్లాలతో సహా అఫ్జల్‌గంజ్ దగ్గర మోకాలి లోతు నీళ్లలో గంటన్నర నిలబడిపోయాడు. ఆ రోజు పొట్లాలు అందాల్సిన పదకొండు మందికీ పద్మ తనే ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఎనిమిది మంది ఫరవాలేదన్నారు, ఇద్దరు చిరాకుపడ్డారు, ఒకావిడ ముందు మీ ఆయన ఇంటికి చేరాడా అని అడిగింది.

ఇప్పుడు, ఏడాది తర్వాత, పాత గిరాకీలో సగానికి కాస్త పైన వచ్చింది. ఆబిడ్స్, నాంపల్లి, బషీర్‌బాగ్ దాటి పంపరు. రోజుకు రెండు సార్లు, పన్నెండింటికి ఒకసారి, ఏడింటికి ఒకసారి. వెబ్‌సైట్‌లో ప్రతి ఆర్డరుకూ పేరు వస్తుంది. పద్మ ఆ పేర్లు గట్టిగా చదివించుకుంటుంది. మల్లేశ్వరరావుకు వెబ్‌సైట్ అర్థం కాదు. పొద్దున్నే ఫోన్ చేసి, “రెండు రొట్టెలమ్మా” అంటాడు. షుగరు కొంచెం దిగిందట, పూర్తిగా దిగలేదు.

పద్మ కోపం మాత్రం దిగలేదు. దుకాణానికి వచ్చినవాళ్లెవరైనా, చిన్నవాళ్లకు అంత పెద్దవాళ్లతో పోట్లాట ఎందుకమ్మా అని అంటే, రొట్టె పెనం మీద వేసి వాళ్ల వైపు తిరిగి మొత్తం కథ మొదటి నుంచీ చెబుతుంది. రొట్టె మాడితే ఇంకోటి వేస్తుంది.

నెలకోసారి కంపెనీ నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ప్రతిసారీ కొత్త గొంతు. మళ్లీ చేరితే మొదటి మూడు నెలలు కమీషన్ లేదంటారు. మొన్న ఒకమ్మాయి, “మేడమ్, మీ రొట్టెల్లాంటి మంచి రొట్టెలు మా యాప్‌లో లేవని కస్టమర్లు అడుగుతున్నారు” అంది.

“అడిగినోళ్లకు నా నంబర్ ఇయ్యి” అంది పద్మ.

“అలా ఇవ్వకూడదు మేడమ్.”

“అయితే పెట్టెయ్యి బిడ్డా. నా పిండి ఆరుతున్నది.”